తాతగారి పెన్ను మళ్ళీ రాస్తుందా? పాత ఫౌంటెన్ పెన్ రిపేరు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు మారేటప్పుడో, బీరువా సొరుగు సర్దేటప్పుడో ఒక ఇంకు పెన్ను బయటపడుతుంది. మూత తీస్తే పాళీ మీద ఎండిన ఇంకు, ఊపితే లోపల ఏదో గలగల. అక్కడి నుంచి మొదలయ్యే సందేహాలు దాదాపు అందరివీ ఒకటే. కూకట్‌పల్లి నుంచి అడిగినా మలక్‌పేట నుంచి అడిగినా అవే జవాబులు చెబుతున్నానని ఇలా ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, మిగతావి చదవకపోయినా అర్థమవుతుంది.

నా పట్టుదల ఒకటుంది. పాత పెన్నుకి ఏం చేసినా, రేపు ఇంకొకరు దాన్ని విప్పుకోగలిగేలా చేయాలి. ఫెవిక్విక్, పట్టకారు, అగ్గిపుల్ల, ఈ మూడూ ఆ దారి మూసేస్తాయి.

## పెన్ను చేతికి వచ్చిన రోజు

ముప్పై ఏళ్ళుగా సొరుగులో పడుంది. ఇంకు పోసి చూసేయనా?

ఆగండి. పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే నల్లటి ఫీడ్ గాడిలో పాత ఇంకు ఎండి బిగుసుకుని ఉంటుంది. కొత్త ఇంకుకి దారి దొరక్క పక్కల నుంచి కారుతుంది. పక్కన లివర్ ఉన్న పెన్నయితే ఇంకా జాగ్రత్త. లోపలి రబ్బరు ట్యూబు ఇన్నేళ్ళకి పెంకులా గట్టిపడి ఉంటుంది, దాని మీదికి లివర్‌ని బలంగా ఎత్తితే లివర్ వంగుతుంది, లేదా ఒళ్ళు చీలుతుంది. మొదటి రోజు చూడటం వరకే. మూత మరతో ఉందో, లాగితే వచ్చేదో గమనించి మెల్లగా తీయండి. పాళీ ఎంత లోతుకి దిగి ఉంది, ఫీడ్ మీద ఎక్కడ కూర్చుంది అన్నది కనబడేలా ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. విప్పాక తిరిగి అమర్చేటప్పుడు ఆ ఫొటోలే దిక్కు.

అసలు ఇంకు ఎలా నింపాలో కూడా తెలియడం లేదు. ఇది ఏ రకం పెన్ను?

కదిలే భాగం ఎక్కడుందో చూస్తే తేలిపోతుంది. ఒంటి పక్కన గోరుతో ఎత్తే సన్నని పట్టీ ఉంటే లివర్ ఫిల్లర్. అమెరికాలో షీఫర్ ప్రచారంలోకి తెచ్చాక చాలా కంపెనీలు ఆ పద్ధతినే పట్టుకున్నాయి. వెనక చిన్న టోపీ విప్పితే బొత్తం కనబడితే బటన్ ఫిల్లర్, 1920ల పార్కర్ డ్యూఫోల్డ్ ఈ రకమే. వెనక పిడి తిప్పితే లోపల బిరడా ముందుకీ వెనక్కీ జరిగేది పిస్టన్ పెన్ను. పెలికాన్ 1929 నుంచి అలాంటివి చేస్తోంది. ఒళ్ళు విప్పితే రేకు తొడుగులో మెత్తటి ట్యూబు, దాని మీద నొక్కే పట్టీ ఉంటే పార్కర్ 51, పార్కర్ 21, చైనా కంపెనీ హీరో పెన్నుల కోవ.

ఇవేమీ లేకుండా ఒళ్ళంతా ఖాళీ గొట్టమే అయితే అది ఫిల్లర్‌తో చుక్కలు చుక్కలుగా పోసుకునే పెన్ను. 1935లో గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన రాజమండ్రి రత్నం పెన్నులు మొదలుకొని మనవాళ్ళు ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసినవి చాలావరకు ఇవే. రిపేరు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పెన్ను లేదు, పాడవడానికి లోపల ఏముందని!

ఒళ్ళు ఏ పదార్థమో తెలుసుకోవడం అవసరమా?

చాలా అవసరం. నీళ్ళూ వేడీ ఒక్కోదాన్ని ఒక్కోలా పాడుచేస్తాయి. బొటనవేలితో గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడండి. గంధకం వాసన వస్తే ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వేడినీళ్ళు తగిలితే దీని నలుపు పోతుంది. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, అంటే తొలితరం ప్లాస్టిక్. ముత్యపు మెరుపులూ చారలూ ఉన్న పాత విదేశీ పెన్నులు ఎక్కువగా ఇవే. మంట సోకితే భగ్గున అంటుకుంటుంది. ఏ వాసనా రాకపోతే యాక్రిలిక్ లేదా మామూలు ప్లాస్టిక్ అనుకోవచ్చు, ఇవి నీళ్ళకి భయపడవు. కొన్ని ఇంగ్లండ్ పెన్నుల్లో, ముఖ్యంగా కాన్వే స్టూవర్ట్‌లో, పాల నుంచి తీసిన కేసిన్ కూడా ఉంటుంది. దాన్ని నానబెట్టారంటే ఉబ్బి వంకరపోతుంది.

పాళీ మీద 14కె అని ఉంది. నిజంగా బంగారమేనా?

14కె అన్నా 585 అన్నా ఒకటే, నూటికి 58.5 పాళ్ళు బంగారం. ‘ఇరిడియం పాయింట్ జర్మనీ’ అని ఉంటే మాత్రం అది ఉక్కు పాళీ, పచ్చగా మెరిసేది పూత. తూకం వేయిస్తే వచ్చేది ఏమీ ఉండదు. ఆ పని కోసం షరాబు దగ్గరికి వెళ్ళకండి.

ఇంట్లో అందరూ పార్కర్ 51 అంటారు. నాకేమో హీరో అనిపిస్తోంది. తేడా ఎలా?

రెండింటికీ పాళీ ముసుగులో దాగి, కొన మాత్రమే బయటికి కనబడుతుంది. అందుకే ఈ గందరగోళం. పార్కర్ 51 మార్కెట్లోకి వచ్చింది 1941లో. 1948 దాకా వచ్చినవాటిలో వెనక బొత్తంలా నొక్కే వాక్యుమాటిక్ ఏర్పాటు ఉండేది, ఆ తర్వాత రేకు తొడుగులోని ట్యూబు వచ్చింది. అసలుదైతే మూత కింది అంచు మీదో, ఒంటి మీదో కంపెనీ పేరూ దేశం పేరూ సన్నగా చెక్కి ఉంటాయి. 1940ల అమెరికా పార్కర్ల ఒంటి మీద ఆ పేరు దగ్గరే ఒక చిన్న అంకె ఉంటుంది, అది తయారైన సంవత్సరపు చివరి అంకె. హీరో అయితే మూత మీద ఆ పేరు, చాలాసార్లు చైనా లిపితో సహా, కనబడుతుంది.

హీరో అని తేలితే చిన్నబుచ్చుకోకండి. మన దగ్గర ఎన్ని పరీక్షలు రాసిందో ఆ పెన్ను!

## కడగడం

గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా పడేయమంటున్నారు. సరేనా?

మొత్తం పెన్నుని ఎప్పుడూ ముంచకండి. చిన్న గ్లాసులో రెండు వేళ్ళ ఎత్తు చల్లటి నీళ్ళు పోసి, పాళీ వరకే మునిగేలా నిలబెట్టండి. ఎబొనైట్ పెన్నయితే వేళ్ళు పట్టుకునే భాగానికి నీళ్ళు తగలనివ్వకండి, వెచ్చటి నీళ్ళకి అది మట్టిరంగుకి తిరుగుతుంది. గంటకోసారి నీళ్ళు మార్చండి. నీలిరంగు దారంలా దిగడం మొదలైతే పని జరుగుతున్నట్టే. ఆ తర్వాత పాళీని మెత్తటి టిష్యూలో చుట్టి, కొన కిందికి ఉండేలా ఓ కప్పులో రాత్రంతా నిలబెట్టండి. నానబెట్టినా రాని ఇంకుని ఆ కాగితం లాగేస్తుంది.

కుళాయి నీళ్ళు వాడొచ్చా?

మంజీరా, కృష్ణా నీళ్ళయితే కడగడానికి ఫర్వాలేదు. బోరు నీళ్ళు వద్దు, గీజరు గోడల మీద పేరుకునే తెల్ల పొరే సన్నని ఫీడ్ గాడిలోనూ పేరుకుంటుంది. చివరిసారి కడగడానికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ శ్రేష్ఠం. ఏ బ్యాటరీ షాపులోనైనా దొరుకుతుంది.

ఎంత కడిగినా నీలం వస్తూనే ఉంది. ఎప్పుడు ఆపాలి?

మీకు ఓపిక ఉన్నంత కాలం వస్తుంది. పార్కర్ 51 లాంటి ముసుగు పాళీ పెన్నుల్లో ఇంకు పట్టి ఉంచే, దువ్వెన పళ్ళలాంటి గది లోపల దాగి ఉంటుంది, అది ఖాళీ కావడానికి రోజులు పడుతుంది. నీళ్ళు లేత నీలానికి వచ్చాయంటే చాలు, వాడటం మొదలుపెట్టండి. మిగతాది కొత్త ఇంకే కడిగేస్తుంది. మరీ మొండిగా ఉంటే నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. అదీ చాలకపోతే కొద్దిగా అమ్మోనియా. ల్యాబ్ సామాన్ల షాపుల్లో అమ్మేది చాలా గాఢంగా ఉంటుంది కాబట్టి కలిపాక నీళ్ళలో అమ్మోనియా ఒక శాతం లోపే ఉండాలి. కిటికీ తెరిచి పెట్టుకుని చేయండి. బ్లీచింగ్ పౌడర్ ఉన్న గిన్నెలో మాత్రం పోయకండి, విషవాయువు వస్తుంది. ఇత్తడి భాగాలనీ కేసిన్ ఒళ్ళనీ అమ్మోనియాకి దూరంగా ఉంచండి.

స్పిరిట్ గానీ నెయిల్ పాలిష్ రిమూవర్ గానీ వాడితే త్వరగా పోతుంది కదా?

ఇంకుతో పాటు పెన్ను కూడా పోతుంది. అసిటోన్‌కి సెల్యులాయిడ్, యాక్రిలిక్, మామూలు ప్లాస్టిక్ మూడూ కరుగుతాయి. స్పిరిట్ లోపల వేసిన లక్క అతుకుని వదులు చేస్తుంది.

లోపల ఉన్నది బ్లూ బ్లాక్. తుప్పులా గట్టిపడింది. నీళ్ళకి కదలడం లేదు.

పాత బ్లూ బ్లాక్ ఇంకుల్లో ఇనుప లవణం, టానిన్ కలిసి ఉండేవి. గాలి తగిలిన కొద్దీ అది నల్లబడి, నీళ్ళలో కరగని పదార్థంగా మారుతుంది. రిజిస్టర్ల మీద చెరగకుండా ఉండాలని చేసిన ఇంకు మరి, పెన్నులోనూ అంత తేలిగ్గా చెరగదు. దీనికి మందు విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం. పొడి రూపంలో శుద్ధమైనది తీసుకుని, అర గ్లాసు నీళ్ళలో చిటికెడు కలిపి, పాళీని అందులో పావుగంట ఉంచండి. తర్వాత మామూలు నీళ్ళతో నాలుగైదుసార్లు కడగండి. చప్పరించే నారింజ మాత్రలు వద్దు, అందులో చక్కెర ఉంటుంది. ఉక్కు పాళీ అయితే ఆమ్లంలో ఎక్కువసేపు వదిలేయకండి.

## విప్పడం, లోపలి పని

వేళ్ళు పట్టుకునే ముందు భాగం ఊడి రావడం లేదు. పట్టకారుతో తిప్పనా?

పట్టకారు పక్కన పెట్టండి. ఆ అతుకు దగ్గర పాత లక్క గానీ ఎండిన ఇంకు గానీ పట్టి ఉంటుంది, దాన్ని మెత్తబరిస్తే చాలు. హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో, ఒక జానెడు దూరంలో పట్టుకుని, పెన్నుని తిప్పుతూ ఆ అతుకు చుట్టూ మాత్రమే గాలి తగలనివ్వండి. మీ వేలు భరించగలిగినంత వేడే పెన్నుకీ హద్దు. తర్వాత రెండు చేతుల్లో సైకిల్ ట్యూబు ముక్కలు పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదిలించండి. కొన్ని మరతో ఉంటాయి, కొన్ని ఊరికే బిగించి ఉంటాయి. కాబట్టి తిప్పుతూనే కొద్దిగా లాగాలి. రాకపోతే మళ్ళీ వేడి చేయండి, ఇంకో రోజు చేయండి. లైటరూ కొవ్వొత్తీ దగ్గరికి తేవద్దు, సెల్యులాయిడ్ అయితే చేతిలోనే అంటుకుంటుంది.

లివర్ పెన్నులో రబ్బరు ట్యూబు మార్చడం ఇంట్లో అయ్యే పనేనా?

అవుతుంది. ఇంటి పనుల్లో ఇంత సంతృప్తినిచ్చేది తక్కువ.

ముందు భాగం ఊడాక, దాని వెనక చిన్న గొట్టపు మొన ఉంటుంది. పాత ట్యూబు ముక్కలు దానికి అతుక్కుని ఉంటాయి. వేలిగోరుతోనో వెదురు పుల్లతోనో గీకి శుభ్రం చేయండి. ఒంటి లోపల మిగిలిన పెంకుల్ని తలకిందులు చేసి తట్టి రాల్చండి, మూల పట్టినవాటిని సన్నని కొక్కెంతో లాగండి. లోపల స్ప్రింగు పట్టీ ఉంటుంది, దాన్ని కదిలించకుండా తుప్పు పట్టిందేమో టార్చితో చూడండి.

కొత్త ట్యూబులు సాక్ పేరుతో ఆన్‌లైన్‌లో నంబర్ల మీద దొరుకుతాయి. నంబర్ 16 అంటే అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 16, అంటే బయటి వెడల్పు దాదాపు 6.35 మిల్లీమీటర్లు. ఒంటి లోపల వదులుగా కదలాలి, స్ప్రింగు పట్టీకి కూడా చోటు మిగలాలి. అనుమానంగా ఉంటే ఒక సైజు చిన్నది తీసుకోండి. ఇరుకుగా పెట్టిన పెద్ద ట్యూబులో కంటే వదులుగా ఉన్న చిన్నదానిలోనే ఇంకు ఎక్కువ ఎక్కుతుంది. ఒంటి చివరికి తగలకుండా కొంచెం పొట్టిగా కత్తిరించండి.

గొట్టపు మొన మీద షెల్లాక్ పల్చగా రాసి, ట్యూబు నోరు సాగదీసి తొడిగి, రాత్రంతా వదిలేయండి. మర్నాడు ట్యూబు మీద శుద్ధమైన టాల్క్ అద్ది లోపలికి దించండి. సువాసన పౌడర్ వద్దు, క్యారమ్ బోర్డు పౌడర్ అసలే వద్దు. మొదట నీళ్ళు నింపి ఒక పూట చూశాకే ఇంకు.

షెల్లాక్ ఎక్కడని వెతకను? ఫెవిక్విక్ ఉంది కదా!

షెల్లాక్ అంటే ఫర్నిచర్‌కి స్పిరిట్ పాలిష్ కలిపే లక్క రేకులే. వడ్రంగులకి పాలిష్ సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా అడగండి. కాస్త స్పిరిట్‌లో వేసి మూతపెట్టి ఉంచితే తేనెలా చిక్కటి ద్రవం తయారవుతుంది. లాడ్‌బజార్ గాజుల లక్క మాత్రం పనికిరాదు, అందులో రంగులూ పొడులూ కలిసి ఉంటాయి. ఇంత శ్రమ ఎందుకంటే, రబ్బరు ట్యూబు మళ్ళీ ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. లక్క అతుకు కాస్త వేడికి వదులుతుంది. ఫెవిక్విక్ అతుకు వదలదు, విప్పబోతే మొనే విరుగుతుంది. ఇంకోమాట, అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరికి చుట్టుపక్కల తెల్లటి పొర కమ్ముతుంది.

పిస్టన్ పిడి తిరగడం లేదు.

బలం పెట్టొద్దు, లోపలి కడ్డీ విరిగితే ఇక చేయగలిగింది తక్కువ. పాళీ వైపు నుంచి నీళ్ళు ఎక్కించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. పాత జర్మన్ పెన్నుల్లో పిస్టన్ చివర కార్క్ ఉంటుంది, ఎండి కుంచించుకుపోయిన ఆ కార్క్ తడికి మెల్లగా తేరుకుంటుంది. కదిలాక చాలా కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి. వాజలైన్ వద్దు, పెట్రోలియం జెల్లీ రబ్బరుని తినేస్తుంది.

పార్కర్ వాక్యుమాటిక్ లోపల పొర చిరిగిందట. నేనే మార్చుకోనా?

దీన్ని విప్పడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. అది లేకుండా మొదలుపెడితే మరలు పోతాయి. చేయి తిరిగినవాళ్ళకి ఇచ్చేయండి.

ఫిల్లర్‌తో పోసే పెన్ను మర దగ్గర కారి వేళ్ళకి అంటుతోంది.

మరల మీద పాత ఇంకు లేకుండా టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టండి. సిలికాన్ గ్రీజు పల్చగా రాసి బిగించండి. అయినా కారితే మరల దగ్గర వెంట్రుకలాంటి పగులు ఉందేమో భూతద్దంతో వెతకండి. ప్లంబరు తెల్ల టేపు చుట్టే అలవాటు చాలామందికి ఉంది. మందంగా చుడితే అదే లోపలి నుంచి తోసి ఒంటిని పగలగొడుతుంది.

## పాళీ సంగతులు

పాళీ కాగితాన్ని గీరుతోంది. గరుకు కాగితం మీద రుద్దనా?

చాలాసార్లు అరగదీయాల్సిన పనే ఉండదు. పాళీ రెండు పాయల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి జరిగి ఉంటుంది, అంతే. వాచీ రిపేరు చేసేవాళ్ళు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దంతో కొనని ఎదురుగా చూడండి. పైకి లేచిన పాయని గోటితో మెల్లగా కిందికి నొక్కి రెండు క్షణాలు పట్టుకోండి. మళ్ళీ చూడండి. రెండు కొనలూ సమానమయ్యే దాకా ఇంతే.

సమానంగా ఉండి కూడా గీరితే అప్పుడు మైక్రోమెష్ అనే అతి నున్నటి రుద్దుడు కాగితం, 12000 నంబరుది. ఇంకు ఉన్న పెన్నుతో, మీరు మామూలుగా పట్టుకునే కోణంలోనే, ఏ ఒత్తిడీ లేకుండా దాని మీద నాలుగు సున్నాలు చుట్టి ఆపండి. రాసి చూడండి. ఇంకా కావాలంటే మరో నాలుగు. కొన మీద ఉన్న గట్టి లోహపు చుక్క చాలా చిన్నది, అరిగింది తిరిగి రాదు. హార్డ్‌వేర్ షాపు శాండ్‌పేపర్ ఆ చుక్కని క్షణాల్లో తినేస్తుంది.

స్కూల్లో పాళీ చీలికలో సగం బ్లేడు పెట్టి లాగేవాళ్ళం. ఇప్పుడూ అదే చేయొచ్చా?

ఆ రోజుల్లో పాళీ విడిగా చవగ్గా దొరికేది, పాడైతే ఇంకోటి. మీ చేతిలో ఉన్న పాళీకి బదులు దొరకదు. బ్లేడు పదును చీలిక లోపలి అంచుల్ని చెక్కేస్తుంది, ఆ గాట్ల దగ్గర ఇంకు ఆగిపోతుంది. ఏదో ఇరుక్కుందనుకుంటే పల్చటి ఇత్తడి రేకు, 0.05 మిల్లీమీటర్లది, ఒకసారి పై నుంచి కొన వైపు లాగితే చాలు. నేల మీద గీయడం కూడా ఆ కాలంతోనే వదిలేద్దాం.

రెండు లైన్లు రాసి ఆగిపోతోంది. విదిలిస్తే మళ్ళీ రాస్తోంది.

ఇంకు వెళ్ళిన చోటికి గాలి లోపలికి రావాలి. ఆ దారి మూసుకుంటే ఇలా అవుతుంది. ఫీడ్ గాడిని మెత్తటి బ్రష్‌తో కడిగాక కూడా తీరు మారకపోతే పాళీకీ ఫీడ్‌కీ మధ్య సందు ఉందేమో వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడండి. సందు ఉండి, ఫీడ్ ఎబొనైట్‌ది అయితే, పాళీతో సహా విడిగా తీసి బాగా కాగిన నీళ్ళలో అర నిమిషం ముంచి, తీసి, రెంటినీ వేళ్ళతో దగ్గరికి నొక్కి చల్లారేదాకా పట్టుకోండి. ప్లాస్టిక్ ఫీడ్‌కి ఇది పనిచేయదు.

పెన్నుని అనుమానించే ముందు కాగితాన్ని మార్చి చూడండి. ఎండాకాలంలో చెమట చెయ్యి ఆనిన చోట కాగితం జిడ్డవుతుంది, సరిగ్గా అక్కడే ఇంకు ఆగుతుంది.

పెన్ను కక్కుతోంది. అక్షరాలు ముద్దలవుతున్నాయి.

ముందు పాళీ చీలికని చూడండి. కొన దగ్గర కంటికి కనబడేంత సందు ఉంటే ఇంకు ఎక్కువ దిగుతుంది. రెండు పాయల్నీ పక్కల నుంచి వేళ్ళతో దగ్గరికి మెల్లగా నొక్కాలి. చీలిక సరిగానే ఉండి, ఇంకు అయిపోవస్తున్నప్పుడే కక్కుతుంటే తప్పు పాళీది కాదు. ఫిల్లర్ పెన్నులో సగానికి పైగా గాలి ఉన్నప్పుడు చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని తోస్తుంది. మూడో వంతు మిగిలినప్పుడే మళ్ళీ నింపుకుంటే ఈ బెడద ఉండదు.

పెన్ను పాళీ మీదే పడింది. కొన వంగింది.

రాసి చూడొద్దు, వంపు మడతగా మారుతుంది. పాళీ బయటికి తీసి, నున్నటి చెక్క మీద పెట్టి, గుండ్రటి ప్లాస్టిక్ లేదా చెక్క కడ్డీతో వంపుకి ఎదురుగా కొద్దికొద్దిగా దొర్లించాలి. బంగారు పాళీ మెత్తన కాబట్టి బాగానే తిరిగి వస్తుంది. ఉక్కుది మొండిది. మడత పడి చిట్లినట్టు గీత కనబడితే అక్కడితో ఆపండి.

కొన మీద చుక్క ఊడిపోయింది. మన కంసాలి అతకగలడా?

ఆ చుక్క బంగారం కాదు. ఆస్మియం, ఇరిడియం కోవకి చెందిన అతి గట్టి లోహం. మామూలు టంకం మంటకి పాళీ మెత్తబడి గుణం పోతుంది. పనితనంలో ఎవరికీ తీసిపోని నగల పనివాళ్ళు మనకి ఉన్నారు, కానీ ఇది వేరే విద్య, చేసేవాళ్ళు ప్రపంచంలోనే కొద్దిమంది. ఆ కంపెనీదే ఇంకో పాత పాళీ వెతుక్కోవడం నయం.

తెలుగు రాయడానికి ఎలాంటి పాళీ బాగుంటుంది?

సన్నదే. ఒత్తులూ గుడులూ దీర్ఘాలూ ఇరుకు చోట పట్టాలి. లావు పాళీతో రాస్తే ‘క్ష్మి’, ‘ష్ట్ర’ లాంటివి నల్లటి ముద్దలవుతాయి. ఇంకో సంగతి, మన అక్షరం ఏ వైపుకైనా తిరుగుతుంది, అందుకే పాళీలో చిన్న లోపం కూడా తెలుగులో వెంటనే బయటపడుతుంది. ఇంగ్లీషు సంతకం నున్నగా వచ్చిన పెన్ను ‘ఝ’ దగ్గర గీరొచ్చు. సరిచేసిన పాళీని నేను ‘ఋ, ఱ, జ, ఝ, ఠ’ వరసగా రాసి పరీక్షిస్తాను. ఆ ఐదూ ఆగకుండా, గీరకుండా వస్తే పాళీ బాగుపడినట్టే.

## ఒళ్ళు, మూత

నల్ల పెన్ను మట్టిరంగుకి వచ్చింది. మళ్ళీ నల్లగా అవుతుందా?

ఎబొనైట్ ఎండకీ తేమకీ ఇలా అవుతుంది. పై పొరని రుద్ది తీసేస్తే లోపలి నలుపు బయటపడుతుంది, నిజమే. దాంతో పాటు ఒంటి మీద చెక్కిన పేరు, గీతలు కూడా అరిగిపోతాయి. పేరు ఉన్న పెన్నుని నేనైతే అలాగే వదిలేస్తాను. మట్టిరంగు కూడా దాని వయసే కదా.

మూత అంచు దగ్గర సన్నగా పగిలింది.

మూతని గట్టిగా బిగించడం ఈ రోజు నుంచే మానేయండి, పగులు అక్కడే ఆగుతుంది. జిగురు పైన పూస్తే మరలకి అంటి మూత రాదు. సెల్యులాయిడ్ పగుళ్ళని అదే పదార్థం కరిగించి అతకొచ్చు గానీ, అది అనుభవం ఉన్నవాళ్ళు చేయాల్సింది.

క్లిప్ మీద పచ్చ పూత మాసిపోయింది. బ్రాసో పెట్టి తోమనా?

పూత చాలా పల్చన, ఉన్నదీ పోతుంది. మెత్తటి పాత నూలు బట్టతో తుడవండి, చాలు.

## వాడకం, కొనడం, రిపేరుకి ఇవ్వడం

రిపేరయ్యాక ఏ ఇంకు పోయాలి?

నీళ్ళతో పోయే మామూలు రాయల్ బ్లూ. బ్రిల్, క్యామెల్ లాంటివి హాయిగా వాడుకోవచ్చు. డ్రాయింగుకి వాడే ఇండియన్ ఇంకు ఒక్కసారి పోసినా పెన్ను మూసుకుపోతుంది. మెరుపు రజను కలిపిన కొత్త ఇంకులు పాత పెన్నుకి వద్దు. రబ్బరు ట్యూబు ఉన్న పెన్నులో ఎర్ర ఇంకు కూడా నేను పోయను, ఆ రంగు వదలదు. వారం పాటు రాయరంటే ఇంకు తీసేసి కడిగి పెట్టండి.

మే నెలలో పెన్ను జేబులో పెట్టుకుంటే కారుతోంది. ఇంట్లో బాగానే ఉంటోంది.

బయట 40 డిగ్రీలు దాటిన ఎండ, మీద ఒంటి వేడి. లోపలి గాలి వ్యాకోచించడానికి అంతకంటే ఏం కావాలి? నిండుగా నింపుకుని, పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి. ఆపి ఉంచిన కారులో, స్కూటర్ డిక్కీలో వదలకండి. ఆ వేడికి సెల్యులాయిడ్ వంకరపోతుంది, రబ్బరు ట్యూబు జిగటగా మారుతుంది. శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు కూడా ఇంతే: పూర్తిగా నిండుగా గానీ పూర్తిగా ఖాళీగా గానీ, పాళీ పైకి.

ఆబిడ్స్‌లో ఆదివారం, జుమ్మెరాత్ బజార్‌లో పాత పెన్నులు కనబడుతుంటాయి. కొనొచ్చా?

కొనండి, పొద్దున్నే వెళ్ళండి. భూతద్దం, చిన్న టార్చి, తెల్ల కాగితం జేబులో ఉండాలి. మొదట పాళీ కొన మీద చుక్క ఉందో లేదో చూడండి, లేకపోతే ఇంకేదీ చూడక్కర్లేదు. తర్వాత మూత అంచు, లివర్ చుట్టూ పగుళ్ళు, మరలు. మూత లోపలికి టార్చి వేసి చూస్తే బయటికి కనబడని చీలిక దొరుకుతుంది. ‘రాస్తుంది సాబ్’ అని అక్కడే ఇంకులో ముంచి గీసి చూపిస్తే మురిసిపోకండి. ముంచి రాస్తే ఏ పాళీ అయినా రాస్తుంది, ఇంకు నింపే భాగం బాగుందని దాని అర్థం కాదు. లివర్ మాత్రం అక్కడ ఎత్తొద్దు, వాళ్ళని ఎత్తనివ్వొద్దు.

హైదరాబాద్‌లో ఎవరికి చూపించాలి? ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి?

ఆబిడ్స్‌లో 1928 నుంచి ఉన్న దక్కన్ పెన్ స్టోర్స్ లాంటి పాత పెన్నుల షాపులో ముందు అడగండి. వాళ్ళ చేతి మీదుగా పోయిన పెన్నులు తక్కువేమీ కాదు. ఎవరికిచ్చినా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి: ఏ భాగం మారుస్తున్నారో మార్చే ముందు ఫోన్ చేయమనండి, తీసేసిన పాత భాగాలు తిరిగి ఇమ్మనండి, ఒంటికి మెషిన్ పాలిష్ పెట్టొద్దనండి. ఫొటో తీసి ఉంచుకున్న పాళీతో తిరిగి వచ్చినదాన్ని అక్కడే పోల్చి చూసుకోండి. ఇచ్చే ముందు లోపలి ఇంకంతా తీసేయండి, లేకపోతే మొదటి రోజంతా వాళ్ళకి కడగడానికే సరిపోతుంది.